సున్నా రూపాయల కిడ్నీ

మా తాటి ఉత్పత్తుల మండలిలో ఏది కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండాలి. మండలి పుట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. గుండుసూదులు కొన్నా, గోదాముకి తాళం కొన్నా మూడు దుకాణాల నుంచి ధరలు తెప్పిస్తాం. వాటిని పక్కపక్కన రాసి పట్టిక వేసి, అందరికన్నా తక్కువ చెప్పినవాడికి ఆర్డరిస్తాం. ఆ పట్టికలు వేసే కొనుగోళ్ల విభాగానికి నేను సూపరింటెండెంటుని. తక్కువ చెప్పినవాడి తాళం నెల తిరక్కుండా పాడవుతుంది. అప్పుడు మళ్లీ మూడు కొటేషన్లు తెప్పిస్తాం. దీనివల్ల విభాగానికి పని ఉంటుంది, మాకు జీతాలుంటాయి, మండలికి నియమం తప్పలేదన్న తృప్తి ఉంటుంది.

వైద్యం ఖర్చుకి మాత్రం ఈ పద్ధతి నుంచి మినహాయింపు ఉండేది. ఉద్యోగికి జబ్బు చేస్తే, గుర్తింపు ఉన్న ఆస్పత్రి ఇచ్చిన ఎస్టిమేటు చూసి డబ్బు మంజూరు చేసేవాళ్లు. ఈ మినహాయింపు ఎవరు పెట్టారో తెలియదు. పాత రోజుల్లో ఎవరో మెతక మనిషి పెట్టి ఉంటాడు. అలాంటివాళ్లు ఈమధ్య మా మండలిలో చేరడం లేదు.

ఒక ఆదివారం మా ఆర్థిక సలహాదారు గుండుమేడ సర్వోత్తమరావు గారు ఇంట్లో పేపరు చదువుతూ, మధ్య పేజీలో బొమ్మలతో వేసిన ఒక పట్టిక చూశారు. కిడ్నీ మార్పిడికి ఏ దేశంలో ఎంత ఖర్చవుతుందో అందులో ఉంది. ఒక దేశంలో ఒకరికి పెట్టే ఖర్చుతో ఇంకో దేశంలో పదిమందికి పైగా చేయించవచ్చట. ఆయన ఆ పేజీ కత్తిరించి సోమవారం ఆఫీసుకి తెచ్చారు. ఆ రోజు టీ కూడా తాగలేదని ఆయన అటెండరు చెప్పాడు.

నన్ను పిలిచి, ఆ కాగితం ముక్క నా ముందు పెట్టారు. "ఒకే సరుకు, ఒకే బిగింపు. ధరలో మాత్రం ఇంత వ్యత్యాసం. ఈ వ్యత్యాసాన్ని మన మండలి ఇంతవరకు సద్వినియోగం చేసుకోకపోవడం తీవ్రంగా పరిగణించవలసిన విషయం. సీలింగ్ ఫ్యానుకి మూడు కొటేషన్లు అడిగే మనం, కిడ్నీకి ఒక్క ఎస్టిమేటు చూసి సంతకం ఎలా పెడతాం? మనిషి ఫ్యాను కన్నా తీసిపోయాడా?" అన్నారు.

మనిషి ఫ్యాను కన్నా తీసిపోయాడని ఒక ప్రభుత్వ ఉద్యోగి పై అధికారి ముందు ఎలా అంటాడు?

అదే సమయానికి ఆయన బల్ల మీద బొమ్మాళి కూర్మారావు దరఖాస్తు ఉంది. కూర్మారావు మా మేనేజింగ్ డైరెక్టరు గారి జీపు డ్రైవరు. ఊరు ఉద్దానం వైపు. ఆ నేల మీద కిడ్నీలు ఎందుకు పాడవుతాయో ఇప్పటికీ గట్టిగా చెప్పినవాళ్లు లేరు గానీ, పాడవడం మాత్రం ఆగలేదు. అతని అన్న పోయాడు, మేనమామ పోయాడు. ఇప్పుడు ఇతని వంతు వచ్చింది. రెండేళ్లుగా వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటూ మిగతా రోజుల్లో జీపు నడుపుతున్నాడు. భార్య దమయంతి తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. రక్తం గ్రూపు కలిసింది, పరీక్షలన్నీ అయ్యాయి, అనుమతులు వచ్చాయి. విశాఖపట్నంలోనే ఒక ఆస్పత్రి పన్నెండు లక్షలకి ఎస్టిమేటు ఇచ్చింది. అయితే ఆలస్యం చేయొద్దని డాక్టరు ముందే చెప్పాడు. కూర్మారావు గుండె బలం తగ్గుతోంది. ఇంకొంత తగ్గితే ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించలేమన్నాడు.

ఈ సంగతులన్నీ దరఖాస్తులో ఉన్నాయి. సర్వోత్తమరావు గారు వాటన్నిటి కింద ఆకుపచ్చ సిరాతో "మూడు కొటేషన్లు ఏవి?" అని రాశారు.

వారం తిరక్కుండా కొనుగోళ్ల కమిటీ కూర్చుంది. కమిటీ అంటే మేనేజింగ్ డైరెక్టరు కందాళ శేషశాయి గారు, సర్వోత్తమరావు గారు, సభ్య కార్యదర్శిగా నేను. శేషశాయి గారు మంచి మనిషి. ఇద్దరు కూర్చున్న గదిలో మాట్లాడినా వెయ్యిమంది సభలో మాట్లాడినట్టే మాట్లాడతారు.

"ఈ సందర్భంగా నేను ఒక విషయం స్పష్టం చేయదలచుకున్నాను. కూర్మారావు మా ఇంటి మనిషి. నన్ను తొమ్మిదేళ్లుగా ఎక్కడికి కావాలంటే అక్కడికి క్షేమంగా చేర్చాడు. మా ఇంటి మనిషి కాబట్టే అతని విషయంలో నిబంధనలు మరింత కట్టుదిట్టంగా పాటించాలని నా అభిమతం" అన్నారు. అందరం తలలూపాం.

ముందు అసలు ఏం కొంటున్నామో తేల్చాలి. కిడ్నీ అని రాయబోతే సర్వోత్తమరావు గారు కొనుగోళ్ల మాన్యువల్ తీశారు. వాడిన సరుకు కొనకూడదని అందులో ఉంది. దమయంతికి నలభై ఒక్కేళ్లు. అంటే ఆ కిడ్నీ నలభై ఒక్కేళ్లు వాడింది. మా మండలిలో ఇనుప బీరువానే ఇరవై ఏళ్లకి పనికిరాదని రాసేస్తాం. కాసేపు అందరం ఇబ్బందిపడ్డాం. కిడ్నీని మనం కొనడం లేదు, భార్య ఊరికే ఇస్తోంది కదా అని నేను గుర్తు చేశాను. సర్వోత్తమరావు గారి ముఖం వెలిగింది. గోదాములు కట్టించేటప్పుడు సిమెంటు, ఇనుము మేమే ఇచ్చి మేస్త్రీకి కూలి ఒక్కటే ఇస్తాం. ఇదీ అదే పద్ధతి అన్నారు. అలా టెండరులో "సామగ్రి: లబ్ధిదారు భార్య సరఫరా చేయును. బిగింపు కూలి మాత్రమే కోట్ చేయవలెను" అని చేరింది. తీసే కూలి, పెట్టే కూలి విడివిడిగా చూపించాలని శేషశాయి గారు ఇంకో షరతు చేర్పించారు.

మిగతా షరతులు మా అచ్చు టెండరులో ఎప్పుడూ ఉండేవే. ఏడాది గ్యారంటీ ఇవ్వాలి. లోపం కనబడితే సొంత ఖర్చుతో మార్చి ఇవ్వాలి. టెండరుతోపాటు సరుకు నమూనా ఒకటి జతపరచాలి. ఈ చివరి షరతు తీసేయమని నేను చాలాసేపు బతిమాలాను. నియమానికి సడలింపు ఇవ్వడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందని సర్వోత్తమరావు గారు అడిగారు. నమూనాగా ఇస్తే బిగించడానికి ఇంక ఏమీ మిగలదని నేను చెప్పాక, ఈ ఒక్కసారికి ఒప్పుకున్నారు. నా ఉద్యోగ జీవితంలో నేను సాధించిన పెద్ద మార్పు ఇదే.

టెండరు ప్రపంచమంతటికీ పిలిచాం. గడువు నలభై అయిదు రోజులు. ప్రపంచం పెద్దది కాబట్టి ఇంకో నెల పొడిగించాం. ఈలోగా కూర్మారావుకి డయాలసిస్ వారానికి మూడుసార్లయింది. జీపు నడుపుతుంటే ఆయాసం వస్తోందని అతన్ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. నేను లోపలికి వెళ్తుంటే లేచి నిలబడేవాడు. కూర్చోమంటే "ఫైలు కదిలిందేటండి?" అని అడిగేవాడు. కదులుతోందని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు. ఫైలు రోజూ కదిలేది, ఆ బల్ల మీదనుంచి ఈ బల్ల మీదికి.

గడువు దాటాక కొటేషన్లు విప్పాం. బాగా డబ్బున్న ఒక దేశం నుంచి లావుపాటి పుస్తకమే వచ్చింది. అందులో డాక్టరు పలకరింపుకి ఒక రేటు, పలకరించకుండా చూసి వెళ్తే ఒక రేటు, రోగి దుప్పటి కప్పుకుంటే దుప్పటికి ఒక రేటు ఉన్నాయి. అన్నీ కలిపితే మా మండలి మూడేళ్ల బెల్లం అమ్మకాలు. మరో దేశం ప్యాకేజీ పంపింది. ఆపరేషన్, సముద్రం కనిపించే గది, దాత కోలుకునేలోపు రోగి బంధువులకి ఒంటె సవారీ కలిపి ఒకే ధర. శేషశాయి గారు ఆ రంగుల కాగితం చాలాసేపు చూశారు. పర్యవేక్షణకి మండలి తరఫున ఎవరో ఒకరు వెంట వెళ్లవలసి ఉంటుందేమోనని సందేహం వెలిబుచ్చారు.

ఏ దేశమో తెలియని ఒక చిరునామా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అప్పటిదాకా విప్పినవాటన్నిటికన్నా చవక. భార్యని కష్టపెట్టనవసరం లేదు, కిడ్నీ కూడా మేమే పెడతాం, అది ఎవరిదని మాత్రం అడగకూడదని రాశారు. ఇది చదివాక నాకు ఒళ్లు జలదరించింది. కమిటీ కూడా దాన్ని తిరస్కరించింది. ఆ సంస్థ పాన్ నంబరు జతపరచలేదు.

చివరి కవరు ఒక చలిదేశం నుంచి. ఆ దేశపు ఆస్పత్రిలో ఎవరో గుమాస్తా మర్యాదగా నాలుగు వాక్యాలు రాశాడు. "మా దేశంలో కిడ్నీ మార్పిడికి రోగి ఏమీ చెల్లించనక్కరలేదు. ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. ఇది మా పౌరులకు మాత్రమే వర్తిస్తుంది. మీ ఉద్యోగి త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాము."

సర్వోత్తమరావు గారు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. ఆకుపచ్చ కలం తీసి దాని కింద గీత గీశారు. "ఏమీ చెల్లించనక్కరలేదు" అని మెల్లగా పైకి చదివారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయనకి సున్నా కొటేషన్ రావడం అదే మొదటిసారి. పట్టికలో సున్నా వేసి, దానికి ఎదురుగా "కనిష్ఠ ధర" అని రాశారు. మూడో వాక్యం సంగతి నేను ఎత్తాను. అది షరతు మాత్రమేనని, షరతులు నెరవేర్చుకోవడం లబ్ధిదారు బాధ్యతని ఆయన చెప్పారు.

మంజూరు ఉత్తర్వు నేనే టైపు చేయించాను. "శ్రీ బొమ్మాళి కూర్మారావు, డ్రైవరు, వారికి కిడ్నీ మార్పిడి నిమిత్తం రూ. 0-00 (అక్షరాలా సున్నా రూపాయలు మాత్రమే) ఇందుమూలముగా మంజూరు చేయడమైనది. ఇందులో డెబ్బై అయిదు శాతం ముందస్తుగా తీసుకొనవచ్చును." ఉత్తర్వు అకౌంట్స్ విభాగానికి వెళ్లింది. వాళ్లు పద్దులన్నీ తిరగేసి, ఈ ఏడాది బడ్జెట్లో ఆ మొత్తం అందుబాటులో ఉందని వారం తరవాత ధ్రువీకరించారు.

కాగితం కూర్మారావు చేతికి నేనే ఇచ్చాను. అతను రెండుసార్లు చదివాడు. తొమ్మిదేళ్లు జీపు నడిపిన మనిషి కదా, ముందు దూరం అడిగాడు.

"ఆ దేసం ఎంత దూరముంటాదండి? నాకు సోమారం, బుదారం, సుక్కురారం డయాలసిస్సు. మద్దెలో ఎల్లొచ్చీగలనా?"

దానికన్నా ముందు ఆ దేశపు పౌరుడివి కావాలని చెప్పాను. ఏం చెయ్యాలో మండలే రాసి కనుక్కుంటుందన్నాను. మండలి రాసింది కూడా. అక్కడ అయిదేళ్లు నివాసం ఉండాలి, వాళ్ల భాష పరీక్ష ప్యాసవ్వాలి అని జవాబొచ్చింది. భాష నేర్చుకోవడానికి కూర్మారావుకి రోజూ గంటసేపు ప్రత్యేక అనుమతి ఇస్తూ శేషశాయి గారు సంతకం పెట్టారు. ఇంతలో సిబ్బంది విభాగం ఒక ఇబ్బంది కనిపెట్టింది. పరాయి దేశ పౌరుడు మా మండలిలో ఉద్యోగిగా ఉండకూడదు. అంటే కూర్మారావు ముందు రాజీనామా చేయాలి. రాజీనామా చేస్తే వైద్య సాయానికి అర్హత పోతుంది. అర్హత లేని మనిషికి సున్నా రూపాయలు కూడా ఇవ్వడం కుదరదు.

ఈ చిక్కుముడికి సర్వోత్తమరావు గారే దారి చూపారు. తక్కువ చెప్పినవాడు సరుకు ఇవ్వలేకపోతే, రెండోవాణ్ణి పిలిచి అదే ధరకి ఇస్తావా అని అడగడం మా పద్ధతి. తాళాలకి అలాగే చేస్తాం. దరఖాస్తులోని పాత ఎస్టిమేటునే కొటేషన్ కింద లెక్కేశాం కాబట్టి, పట్టికలో రెండో స్థానం మన విశాఖపట్నం ఆస్పత్రిదే. "మీరు కోట్ చేసిన రూ. 12,00,000 ధరను కనిష్ఠ ధరతో సమానం చేయవలసిందిగా కోరడమైనది" అని వాళ్లకి ఉత్తరం వెళ్లింది. బేరసారాలకి ఒక అధికారిని పంపించమని కూడా అడిగాం. ఆస్పత్రివాళ్లు అధికారిని పంపలేదు, జవాబు పంపారు. "తమరు సూచించిన ధరకి మీ ఉద్యోగిని మా వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టగలం. ఫ్యాను వేస్తాం. మంచినీళ్లు ఇస్తాం" అని రాశారు. ఇది పాక్షిక అంగీకారం కింద వస్తుందా అన్న విషయం మీద కమిటీ ఒక పూట చర్చించింది.

ఆ మధ్యాహ్నమే దమయంతి వచ్చింది. ఎవరినీ అడక్కుండా నేరుగా మేనేజింగ్ డైరెక్టరు గారి గదిలోకి నడిచింది. మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. కూర్చోమంటే కూర్చోలేదు.

"బాబూ, ఆయన గుండె బలం తగ్గిపోతందని డాట్రుబాబు సెప్పినారు. ఈ నెల దాటితే కత్తి ఎయ్యలేమన్నారు. నా కిడ్నీ నానిత్తాను. అది మిమ్మల్నడగనేదు. పెట్టడానికే డబ్బులడుగుతన్నాము. సెయ్యలేమంటే సెయ్యలేమని సెప్పీండి. నా దారి నాను సూసుకుంతాను."

శేషశాయి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె మాటలు ఆయన్ని నిజంగానే కదిలించాయని నేనిప్పటికీ నమ్ముతాను. "అమ్మా, చెయ్యలేమని ఎవరన్నారు? మండలి మంజూరు చేసింది. మంజూరు విషయంలో మేము ఎటువంటి జాప్యానికీ తావివ్వలేదు. మొత్తం విషయంలో మాత్రమే ఆర్థిక క్రమశిక్షణ పాటించాము" అన్నారు.

ఆమె ఆయన్ని చూసింది, సర్వోత్తమరావు గారిని చూసింది, తరవాత నన్ను చూసింది. వెళ్లిపోయింది. ఆ చూపు నా మీద ఎక్కువసేపు నిలిచినట్టు నాకనిపించింది.

గోపాలపట్నంలో వాళ్లకి రెండు గదుల ఇల్లుంది. కూర్మారావు పద్నాలుగేళ్లపాటు కొంచెం కొంచెంగా కట్టుకున్నది. ఒక ఏడాది గోడలు, ఒక ఏడాది స్లాబు, ఒక ఏడాది కిటికీలు. వారం రోజుల్లో అమ్మారు. అవసరం ముఖం మీద కనిపిస్తుంటే కొనేవాడికి తెలిసిపోతుంది. ఇరవై రెండు లక్షల ఇల్లు పద్నాలుగుకి పోయింది. నెల ఇంకా దాటకముందే ఆపరేషన్ అయింది. దమయంతి ఎడమ కిడ్నీ కూర్మారావు ఒంట్లో ఆ రోజే పనిచేయడం మొదలుపెట్టింది.

నేను చూడ్డానికి వెళ్లాను. రోగి గదిలోకి రానివ్వరు కాబట్టి గాజు తలుపులోంచి చూశాను. కూర్మారావు చెయ్యి ఎత్తాడు. అతని పాదాలు దుప్పటిలోంచి బయటికి కనబడుతున్నాయి. వాపు లేదు, మామూలు మనిషి పాదాల్లా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. పక్క వార్డులో దమయంతి నడుం పట్టుకుని మెల్లగా నడుస్తోంది. ఎలా ఉందమ్మా అని అడిగితే బాగుంది బాబూ అంది. నేను తెచ్చిన బత్తాయిలు తీసుకుని పక్క మంచం ఆవిడకి రెండు ఇచ్చింది.

ఆఫీసులో మాత్రం ఉత్సాహం మొదలైంది. సర్వోత్తమరావు గారు ఫైలుని ముగిస్తూ ఇలా రాశారు: "సదరు ఉద్యోగికి కిడ్నీ మార్పిడి రూ. 0-00 మంజూరు చేయబడినది. సదరు మార్పిడి విజయవంతంగా జరిగినది. కావున మార్పిడికి మండలికి అయిన ఖర్చు రూ. 0-00." ఇందులో ఏ వాక్యమూ అబద్ధం కాదు. ఈ మూడు వాక్యాలూ వార్షిక నివేదికలో మొదటి పేజీకి ఎక్కాయి. పేపర్లో వచ్చిన ఆ పట్టికని పెద్దది చేయించి వరండాలో కట్టారు. అన్ని దేశాల బొమ్మల కింద, ఆకుపచ్చ అక్షరాలతో మా మండలి పేరు, ఎదురుగా సున్నా. చలిదేశంలో కూడా ఖర్చు ప్రభుత్వానిదే, ఇక్కడ ప్రభుత్వానిదీ కాదు, కాబట్టి ప్రపంచంలో మనమే ముందున్నామని శేషశాయి గారు వచ్చిన ప్రతివాళ్లకీ వివరించేవారు. ప్రభుత్వ సంస్థల పొదుపు సమాఖ్య అనే ఒక సమాఖ్యకి ఈ సంగతి తెలిసింది. ఆ ఏటి పొదుపు పురస్కారం మా మండలికి ప్రకటించారు.

అదే వారంలో సిబ్బంది విభాగం నుంచి కూర్మారావుకి ఒక మెమో వెళ్లింది. ప్రభుత్వ ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా స్థిరాస్తి అమ్మడం ప్రవర్తనా నియమాలకి విరుద్ధం. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అమ్మకానికి కారణం కూడా తెలపాలి. కూర్మారావు కారణం తెలిపాడు. సదరు చికిత్సకి మండలి ఇదివరకే పూర్తి మొత్తం మంజూరు చేసినందున ఆ కారణం అంగీకారయోగ్యం కాదని జవాబు వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆపారు.

పురస్కారం సభ విశాఖపట్నంలోనే ఒక పెద్ద హోటల్లో జరిగింది. రుజువుగా భార్యాభర్తలిద్దరూ వేదిక మీద ఉండాలని శేషశాయి గారు పట్టుబట్టారు. కూర్మారావు ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. జనంలోకి వెళ్లొద్దని డాక్టరు చెప్పినా, ఇంక్రిమెంటు సంగతి మళ్లీ చూస్తామని ఎవరో ఆశపెట్టడంతో వచ్చాడు. ప్రసంగాలయ్యాయి. ప్రపంచ దేశాలు మన వైపు చూస్తున్నాయని ముఖ్య అతిథి అన్నారు. దమయంతికి శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమ్మా అంటూ మైకు ఆమె ముందుకి జరిపారు.

"మాకు మాటాడ్డం రాదు బాబూ. కిడ్నీ ఇచ్చీసినాను. ఇల్లమ్మీసినాం. మా ఆయన బతికినాడు, అది సాలు. ఈ బాబులంతా సున్నా, సున్నా అంతన్నారు. ఆ సున్నా మీకైనాది. మాకెంతైనాదో ఎవులూ అడగనేదు. అడుగుతారేమోనని వొచ్చినాను."

ముఖ్య అతిథి సర్వోత్తమరావు గారి వైపు తిరిగి, ఏదో ఇల్లు అంటోంది, ఏమిటది అని అడిగారు. ఆయన వంగి, అందరికీ వినబడేలాగే జవాబు చెప్పారు. "ఆమె పేర్కొన్న రెండు అంశాలూ మన పద్దులోకి రావు సార్. మొదటిది లబ్ధిదారు సరఫరా చేసిన సామగ్రి. రెండోది స్థిరాస్తి." ముఖ్య అతిథి అర్థమైనట్టు తలూపారు. చప్పట్లు మోగాయి. పతకం శేషశాయి గారు అందుకున్నారు.

ఆ తరవాత మండలి ఒక సర్క్యులర్ వేసింది. ఒకసారి ఒక ధరకి కొన్న సరుకుని మళ్లీ అంతకన్నా ఎక్కువకి కొనకూడదన్నది మా ఇంకో పద్ధతి. కాబట్టి ఇకమీదట ఏ ఉద్యోగి కిడ్నీ మార్పిడికైనా మంజూరయ్యే మొత్తం సున్నా రూపాయలుగా స్థిరపరిచారు. కొటేషన్లు తెచ్చుకునే శ్రమ కూడా తప్పిందని సర్క్యులర్లోనే రాశారు. మా గోదాములు ఎక్కువగా ఉద్దానం వైపే ఉన్నాయి. సిబ్బందిలో ఆ జబ్బున్నవాళ్లు కొందరున్నారు. దరఖాస్తులు పెట్టి, కూర్మారావు సంగతి తేలేదాకా ఎదురుచూసినవాళ్లు వాటిని వెనక్కి తీసుకున్నారు. మూడు నెలలు గడిచాయి, కొత్త దరఖాస్తు ఒక్కటీ రాలేదు. పొదుపు చర్యల వల్ల మండలిలో కిడ్నీ జబ్బులు పూర్తిగా తగ్గుముఖం పట్టాయని సర్వోత్తమరావు గారు తరవాతి నివేదికకి నోట్ రాశారు. దాన్ని శుద్ధప్రతి చేయించింది నేనే.

మొన్న ఆదివారం కూర్మారావుని చూడ్డానికి వెళ్లాను. ఆస్పత్రికి దగ్గరగా ఉంటుందని ఒక మేడ మీద గది అద్దెకి తీసుకున్నారు. మనిషి తేరుకున్నాడు, ముఖంలో కళ వచ్చింది. వరండాలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ మా మండలివాళ్లే, గోదాముల్లో పనిచేసేవాళ్లు. ఒకతని మోచేతికి డయాలసిస్ కట్టు ఉంది. నన్ను చూసి లేచి, సెలవు తీసుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఇలా వారం వారం ఎవరో ఒకరు వస్తున్నారట. మంచిదే కదా, ఏ ఆస్పత్రి మంచిదో, ఏ డాక్టరు మంచివాడో అనుభవం ఉన్నవాడివి నువ్వు చెప్పగలవన్నాను.

"డాట్రు పేరు ఎవులూ అడగరండి" అన్నాడు కూర్మారావు. "మా ఇల్లు కొన్నాయన పోను నంబరు రాసుకోనెల్తన్నారు."